గడపలేని ఇల్లు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒక తరము క్రిందటి వరకు ద్రాక్షతోటలకును, రాతిగుట్టలకును, చెరువులకును పేరుపడినవి. నేడు ఔటర్ రింగు రోడ్డు ఈ రెండూళ్ల ప్రక్కగా పోవుచున్నది. దాని కిరుప్రక్కల బహుళాంతస్తుల గృహములు, కళాశాలలు, ఔషధ పరిశోధనాలయములు దినదినము లేచుచున్నవి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి యను క్రొత్త జిల్లాయే ఏర్పడెను. క్రొత్త గోడ లేచిన చోటనెల్ల ఒక పాత ప్రశ్నయు లేచును. ఈ భవనములోనికి ఎవ్వరు పోగలరు? ఎవ్వరు వాకిట నిలిచిపోవుదురు? ఇటుక మీద ఇటుక పేర్చుటకు ముందే, నక్షా మీద గీత గీయునప్పుడే, ఆ ప్రశ్నకు జవాబు నిర్ణయమైపోవును.

శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము కలదు. 1998లో స్థాపితమైన ఈ సంస్థయందు వికలాంగుల హక్కులను గూర్చి పరిశోధించు కేంద్రమొకటి పనిచేయుచున్నది. మన దేశములోని భవనములును, వాహనములును, కార్యాలయములును వికలాంగులకు ఎంతవరకు అందుబాటులో నున్నవో పరిశీలించి తెలుపవలసినదిగా 2023లో సుప్రీంకోర్టు ఈ కేంద్రమును కోరెను. ఆ నివేదిక సంగతి తరువాత వచ్చును. అంతకు సుమారు తొంబది యేండ్ల ముందు ఇదే ప్రశ్నకు తన దేహముతోను, తన ధనముతోను, తన చేతి గీతలతోను సమాధానము వెదకిన వాడొకడు కలడు. ఆయన పేరు పాఠశాలలో చదువు బాలబాలికలందరు నెరిగినదే. చరిత్ర పుస్తకములు ఆయనను ఆర్థికమాంద్యము నుండి అమెరికాను లేవనెత్తిన అధ్యక్షుడుగా, రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల నాయకుడుగా చూపును. పండ్రెండేండ్ల ఆ పరిపాలనలో ఆయన ఒక్క మెట్టైనను ఒంటరిగా ఎక్కజాలకుండెనన్న మాట మాత్రము పెక్కు పాఠములలో కానరాదు.

ఫ్రాంక్లిన్ డెలనో రూజ్వెల్టు 1882 జనవరి 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రములో, హడ్సన్ నదీతీరమున, హైడ్‌పార్కు గ్రామములోని స్ప్రింగ్‌వుడ్ అను ఎస్టేటులో జన్మించెను. తండ్రి జేమ్స్ సంపన్నుడు. తల్లి సారాకు ఆయన యొక్కడే బిడ్డ. హార్వర్డులో చదివి, కొలంబియాలో న్యాయశాస్త్రము అభ్యసించి, 1905లో ఎలినారును వివాహమాడెను. ఆమె నాటి అధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టునకు తమ్ముని కుమార్తె. ఫ్రాంక్లిన్ 1910లో న్యూయార్కు రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యెను. 1913 నుండి 1920 వరకు నౌకాశాఖలో సహాయ కార్యదర్శిగా నుండెను. 1920లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయెను. పొడగరి, అందగాడు, ఈతలోను పడవ నడుపుటలోను ఆరితేరినవాడు. ఇంతవరకు ఆ జీవితమున అసాధారణమైన దేమియు లేదు. ధనవంతుల బిడ్డ ధనవంతుల దారిన నడచుట వింత కాదు.

1921 ఆగస్టు నెలలో రూజ్వెల్టు కుటుంబముతో కెనడాకు చెందిన కాంపొబెల్లో ద్వీపమున విశ్రాంతి తీసికొనుచుండెను. 10వ తేదీ సాయంకాలము ఒడలు బరువెక్కి, చలి పుట్టి, పెందలకడనే పడక చేరెను. రెండు మూడు దినములలో నడుము క్రింది భాగమంతయు చచ్చుబడెను. మొదట వచ్చిన వైద్యులు రోగమును గుర్తింపలేకపోయిరి. ఆ నెలాఖరునకు బోస్టన్ నుండి వచ్చిన డాక్టరు లవెట్ అది పోలియో యని నిర్ణయించెను. రోగికి అప్పుడు 39 ఏండ్లు. అది పోలియో కాక వేరొక నరముల వ్యాధి కావచ్చునని 2003లో కొందరు పరిశోధకులు వాదించిరి. వ్యాధి పేరేదైనను కాళ్లు మాత్రము మరల రాలేదు. సెప్టెంబరులో ఆయనను స్ట్రెచ్చరు మీద పడవలో ఒడ్డు దాటించి, పత్రికల వారి కంటబడకుండ రైలుపెట్టె కిటికీగుండ లోనికి అందించిరి. నిన్నటి వరకు నౌకాదళమును నడిపినవాడు ఒక రైలుపెట్టె వాకిటిగుండ లోనికి పోలేకపోయెను. ద్వారము మారలేదు, మనిషి మారెను. ద్వారముల సంగతి ఆయనకు అర్థమగుట ఆనాటితో ఆరంభమయ్యెను.

తల్లి కోరిక యొకటి, భార్య కోరిక వేరొకటి. కుమారుడు హైడ్‌పార్కున పుస్తకములతోను, తపాలా బిళ్లలతోను కాలము గడుపుచు పెద్దమనిషివలె నిలిచిపోవలెనని సారా తలచెను. రాజకీయములలోనికి ఆయన మరల పోవలెననియు, పోనిచో మనసు కూడ చచ్చుబడుననియు ఎలినారును, ఆయన కార్యదర్శి లూయీ హౌయు పట్టుబట్టిరి. రూజ్వెల్టు వారి పక్షమే వహించెను.

అయితే ముందు ఇల్లు దాటవలెను గదా! స్ప్రింగ్‌వుడ్ పెద్ద భవనము, అంతస్తులు గలది, లోపలనే అక్కడక్కడ మెట్లు గలది. అందులో సామానుపెట్టెలను మీదికి చేరవేయుటకై పూర్వమే అమర్చిన లిఫ్టు ఒకటి యుండెను. త్రాడు పట్టి చేతులతో లాగినచో అది పైకి పోవును. దానిలో కూర్చుండి ఆయన తన బరువును తానే లాగికొని పై అంతస్తు చేరెడివాడు. విద్యుత్తుతో నడచు లిఫ్టు పెట్టించుటకు ధనము లేక కాదు. ఇంట అగ్ని పుట్టినచో విద్యుత్తు ఆగిపోవునని, అప్పుడు కదలలేక చిక్కుకొందునని ఆయనకు భయము. చేతులలో బలమున్నంతవరకు త్రాటిని నమ్మవచ్చును. నేటి భవన నియమములలో అగ్నిప్రమాదమున వికలాంగులు బయటపడు మార్గమునకు ప్రత్యేక స్థానమున్నది. ఆ నియమము వెనుకనున్న భయమెట్టిదో, త్రాడు పట్టిన ఆ చేతుల వలన తెలియును.

ఆ కాలపు చక్రాల కుర్చీలు పెద్దవి, బరువైనవి, ఆసుపత్రులకే తగినవి. ఇంటి తలుపులలో అవి పట్టవు. అందుచే రూజ్వెల్టు చేతులులేని సామాన్యమైన భోజనపు కుర్చీ నొకదానిని తీసికొని దాని కాళ్లకు మారుగా చక్రములు బిగింపించెను. అది ఇరుకైన ద్వారములలో దూరును, మూలలు తిరుగును. వాకిళ్లు వెడల్పు కానిచోట మనిషే తన కుర్చీని సన్నము చేసికొనవలసివచ్చెను. మెట్లున్నచోట చెక్కతో ర్యాంపులు వేయించెను. ఇంటి ముంగిట నుండి పెద్ద గేటు వరకు చంకకర్రలతో నడువవలెనని నిత్యము ప్రయత్నించుచుండెను. తుంటి నుండి పాదము వరకు ఉక్కుకమ్ముల క్యాలిపర్లు తొడిగి, మోకాళ్ల వద్ద గొళ్లెము వేసి, ఒక చేత కర్ర, ఒక చేత కుమారుని భుజము పట్టి, నడుము ఊపుచు అడుగు వేయుట నేర్చుకొనెను. దూరము నుండి చూచువారికి అది నడకవలె కనబడును. నిజమునకు అది నడక కాదు, మహాప్రయాసతో కూడిన అభినయము.

1924 జూన్‌లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డెమొక్రాటిక్ మహాసభ జరిగెను. అధ్యక్ష పదవికి ఆల్ స్మిత్ పేరును ప్రతిపాదించుటకై రూజ్వెల్టు వేదిక మీదికి పోవలసియుండెను. కుమారుడు జేమ్స్ తోడురాగా కొంతదూరము వచ్చి, చివరి అడుగులు చంకకర్రల మీద ఒంటరిగా నడచెను. వేలకొలది జనులు ఊపిరి బిగబట్టి చూచిరి. 1928లో న్యూయార్కు గవర్నరు పదవికి పోటీచేయునప్పటి సంగతి ఇంకొకటి కలదు. ఒక సభామందిరమున జనము క్రిక్కిరిసియుండగా లోనికి పోవు త్రోవ వేరు లేక, ఆయనను వెనుకనున్న అగ్నిప్రమాద నిచ్చెన మీదుగా మనుష్యులు చేతులమీద మోసికొనిపోయిరి. తరువాతి కాలమున ఆయన మంత్రివర్గమున కార్మికశాఖ నిర్వహించిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ దీనిని కన్నులార చూచి తన గ్రంథమున వ్రాసెను. పైకి చేరిన తరువాత ఆయన కోటు సవరించుకొని, చిరునవ్వుతో వేదిక మీద నిలిచి, ఏమియు జరుగనట్లు ప్రసంగించెనట. ఓటు అడుగుటకు వచ్చినవాడు మూటవలె మోయబడుటను సహించుకొనవలసివచ్చెను. సహించుట గొప్ప గుణమే. ఆ మందిరమును కట్టినవాడు ఒక ర్యాంపు వేసియున్నచో ఆ గుణము నక్కడ ప్రదర్శింపవలసిన పని లేకపోయెడిది.

జార్జియా రాష్ట్రములో వార్మ్ స్ప్రింగ్స్ అను చిన్న ఊరున్నది. అచ్చటి ఊటనీరు సంవత్సరమంతయు సుమారు 31 డిగ్రీల వేడిమితో నుండును. ఆ నీటిలో ఈదినందువలన ఒక పోలియో రోగికి కొంత మేలు కలిగెనని విని రూజ్వెల్టు 1924 అక్టోబరులో అచ్చటికి పోయెను. నీటిలో కాళ్లు తేలికపడినవి. నయము కాలేదు, కాని బలము హెచ్చెను. ఆయన వార్త పత్రికలలో పడగానే దేశము నలుమూలల నుండి రోగులు పిలువకయే రాసాగిరి. అచ్చటనున్న పాత చెక్క హోటలులోని ఆరోగ్యవంతులు ఆ రోగులతో కలిసి భోజనము చేయుటకు ఒప్పుకొనలేదు. వ్యాధి అంటుకొనునని వారి భయము. 1926లో రూజ్వెల్టు తన ఆస్తిలో అధికభాగము వెచ్చించి ఆ స్థలమంతయు కొనెను. మరుసటి యేట దానిని ధర్మసంస్థగా చేసెను.

ఆయన జీవితమున వార్మ్ స్ప్రింగ్స్ చేసిన పని యింతంత కాదు. అచ్చట కట్టిన క్రొత్త భవనములకు ర్యాంపులుండెను. ఒక భవనము నుండి వేరొక భవనమునకు చక్రాల కుర్చీ సాగునట్లు బాటలు వేసిరి. భోజనశాలలోనికి, ఈతకొలనులోనికి, నాటకశాలలోనికి రోగులు తమంత తాము పోగలిగిరి. ఊరంతయు కూర్చున్నవారి కొలతకే కట్టినప్పుడు కూర్చున్నవాడు రోగివలె కనబడడు, ఊరివానివలె కనబడును. అప్పటి వరకు ఇండ్ల వెనుక గదులలో దాచబడిన యువకులు ఇచ్చట పేకాట ఆడిరి, ప్రేమలో పడిరి, అల్లరి చేసిరి. రూజ్వెల్టు చేతులతో నడుపు కారు చేయించుకొని ఆ చుట్టుప్రక్కల పల్లెదారులలో తానే నడుపుకొనుచు తిరిగెడివాడు. త్రోవలో రైతులను నిలిపి పత్తిధర అడుగుచుండెను, కరెంటు చార్జీలు అడుగుచుండెను. ఆయన రాజకీయ విద్యలో సగము ఆ కారులోనే జరిగెనని చెప్పవచ్చును.

ఇంత చక్కని యూరికిని ఒక మచ్చ యుండెను. అచ్చట తెల్లవారికే చికిత్స. నల్లజాతి బిడ్డలకు ఆ ర్యాంపులు ఎంత వాలుగా నున్నను అందుబాటులో లేవు. వారికై అలబామాలోని టస్కీగీలో వేరొక చికిత్సాలయము 1941లో గాని తెరువబడలేదు. వాకిటి మెట్టు రాతితోనే కట్టనక్కరలేదు.

1932 ఎన్నికలలో గెలిచి, 1933 మార్చి 4వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షుడయ్యెను. శ్వేతసౌధమున ర్యాంపులు వేసిరి. న్యూయార్కులోని ఒక దినపత్రిక పూనికతో ప్రజలు చందాలు వేసి, ఆయన వ్యాయామమునకై ఆ సౌధమున ఈతకొలను కట్టించిరి. 1934లో కార్యాలయ భాగమును పెంచి కట్టినప్పుడు అధ్యక్షుని గది స్థలమే మారిపోయెను. అంతవరకు నడుమనున్న ఆ గదిని ఆగ్నేయపు మూలకు జరిపిరి. నివాసము నుండి స్తంభముల వరండా వెంట చక్రాల కుర్చీలో నేరుగా అచ్చటికి చేరవచ్చును. నేడు ప్రపంచమంతట ఛాయాచిత్రములలో చూచు అండాకారపు గది అదియే. యుద్ధకాలమున ఆయనకై తయారుచేసిన విమానములో కుర్చీతో సహా పైకెత్తు చిన్న లిఫ్టు అమర్చిరి. ఆయన ప్రసంగించు ఊళ్లలో ముందుగా అంగరక్షకులు వెళ్లి చెక్కతో ర్యాంపులు కట్టించెడివారు. ప్రసంగబల్ల కదలకుండ నేలకు బిగింపించెడివారు. సభ ముగిసి ఆయన వెళ్లిపోగానే ర్యాంపులను ఊడదీసెడివారు. ఆ ఊరిలోని కుంటివాడు మరునాడు వచ్చి చూచినచో అచ్చట మునుపటి మెట్లే యుండును.

ఆయన తన అశక్తతను దాచెను. చక్రాల కుర్చీలోనున్న ఆయన చిత్రములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి మాత్రమే మిగిలినవి. పత్రికలవారు తీయలేదు, తీయబోయిన వారిని అంగరక్షకులు ఆపిరి. 1936 జూన్ 27వ తేదీన ఫిలడెల్ఫియాలో వేదికవైపు పోవుచు వృద్ధకవి ఎడ్విన్ మార్కమ్‌తో కరచాలనము చేయుటకు వంగగా క్యాలిపరు గొళ్లెము ఊడి ఆయన నేలపడెను. ప్రసంగపు కాగితములు బురదలో చెదరినవి. చుట్టునున్నవారు అడ్డునిలిచి లేపిరి. లక్షమంది చేరిన ఆ మైదానములో ఈ సంగతి పెక్కుమందికి తెలియనే లేదు. కొద్ది నిమిషములలో ఆయన ప్రసంగమారంభించెను. బలహీనుడు దేశమును నడుపజాలడని జనులు తలతురేమో యని ఆయన సంశయము. ఆ కాలమును బట్టి చూచిన ఆ సంశయము నిరాధారము కాదు.

అయినను ఆ దాచుటకు మూల్యము చెల్లించినవారు వేరే యుండిరి. 1935లో న్యూయార్కున వికలాంగ యువకులు కొందరు ప్రభుత్వ సహాయ కార్యాలయములో కదలక కూర్చుండి నిరసన తెలిపిరి. రూజ్వెల్టు ప్రభుత్వమే నెలకొల్పిన ఉపాధి పథకములలో వికలాంగులను పనికి తగనివారుగా ముద్రవేసి త్రోసివేయుచుండిరి. ఆ పథకములను నడుపు దేశాధిపతి తాను వికలాంగుడు! అదే సంవత్సరమున ఆయన సంతకము చేసిన సాంఘిక భద్రతా చట్టములో అంధులకును, అంగవైకల్యము గల బాలలకును సహాయము చేర్చబడెను. సహాయము దొరకెను గాని, పనిచేయు చోటికి పోవు దారి దొరకలేదు.

ఇక ఆయన చేతి గీతల సంగతి. హైడ్‌పార్కులో తల్లి ఇంటికి సందర్శకుల తాకిడి ఎక్కువగా నుండెను. అందుచే ఎస్టేటులోని కొండమీద, హడ్సన్ లోయ కనబడుచోట, ఒక చిన్న యిల్లు కట్టుకొనవలెనని ఆయన సంకల్పించెను. 1938లో తానే నక్షా గీచెను. వార్మ్ స్ప్రింగ్స్‌లో ఆయనకు నివాసము కట్టిన హెన్రీ టూంబ్స్ ఈ గీతలను సరిచేసి పని నడపెను. నక్షా మీద అధ్యక్షుని పేరే వాస్తుశిల్పిగా నుండెను. చదువులేని వాస్తుశిల్పి యని వృత్తిలోని వారు కొందరు గొణిగిరి కూడ. 1939లో ఇల్లు పూర్తియయ్యెను. దాని పేరు టాప్ కాటేజి.

అది చూడ సామాన్యమైన యిల్లు. ఆ ప్రాంతపు పాత డచ్చివారి యిండ్లవలె పొలములలో దొరకిన రాతితో గోడలు, ముందు విశాలమైన వరండా. కాని లోనికి పోవుటకు మెట్టు లేదు. గదికిని గదికిని నడుమ గడప లేదు. ద్వారములలో కుర్చీ సాఫీగా పోవును. కిటికీలు క్రిందికి దిగియుండును. కూర్చున్నవాని కన్నులకు లోయ కనబడవలెను గదా! వరండా చివర మట్టి పోసి నేలవాలుతో కలిపివేసిరి. కుర్చీ ఆ వాలు వెంట తోటలోనికి దిగిపోవును. చూచువారికి అది ర్యాంపుగా తోచదు, కొండవాలుగానే తోచును. ఇందులో యంత్రము లేదు, అదనపు సామగ్రి లేదు. మెట్టు కట్టుటకు రాయి కావలెను, కట్టకుండుటకు ఏమియు నక్కరలేదు. కట్టిన యింటిని సవరించుటకు గోడలు పగులగొట్టవలెను. కట్టబోవు ఇంటికి నక్షా మీద గీత జరిపినచో చాలును. స్ప్రింగ్‌వుడ్‌లో సామానుల లిఫ్టు త్రాడు లాగినవాడు దీనిని ఎవ్వరికంటెను బాగుగా నెరుగును.

గడపలేని యిల్లు మన కన్నునకు ఇల్లువలె తోచకపోవచ్చును. మనము గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుదుము, దానిమీద కూర్చుండరాదని పిల్లలను మందలింతుము. అయితే పసుపు నిలుచుటకు ఎత్తు అక్కరలేదు. నేలతో సమముగా పరచిన చెక్కకో రాతికో పూసినను అది గడపయే. ఆ నాలుగంగుళముల ఎత్తు ఎవరిని ఆపుచున్నదో మన పల్లెలలోని ముసలివారిని అడిగినచో తెలియును.

ఇంగ్లండు రాజు ఆరవ జార్జియు, రాణియు 1939 జూన్‌లో హైడ్‌పార్కునకు వచ్చినప్పుడు రూజ్వెల్టు ఈ యింటి వరండాలోనే విందుచేసెను. సామాన్య జనులు తిను హాట్ డాగులు రాజునకు వడ్డించిరని పత్రికలు ఆ విందును వింతగా వ్రాసెను. ఆ దినమున ఆతిథేయుడు తన యింట ఎవరి భుజమును పట్టకుండ తిరుగగలిగిన సంగతి విందు కంటె వింత. 1941 ఫిబ్రవరిలో ఈ వరండా మీదనే ఆయన దూరపు బంధువు మార్గరెట్ సక్లీ ఒక ఛాయాచిత్రము తీసెను. చక్రాల కుర్చీలో అధ్యక్షుడు, ఒడిలో ఆయన కుక్క ఫాలా, ప్రక్కన ఒక చిన్న బాలిక. లోకమునుండి దాచిన కుర్చీని తన గీతలతో కట్టిన యింట దాచవలెనని ఆయనకు తోచలేదు.

నాలుగుసార్లు అధ్యక్షుడుగా ఎన్నికైన ఏకైక పురుషుడు రూజ్వెల్టు. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశమునకు పోయివచ్చి, మార్చి 1వ తేదీన పార్లమెంటు ఉభయసభల యెదుట నిలువక కూర్చుండియే ప్రసంగించెను. కాళ్లకు సుమారు పది పౌన్ల ఉక్కు మోయవలసియున్నదనియు, కూర్చుండి మాటలాడుటను మన్నింపవలెననియు సభ్యులను కోరెను. తన కాళ్ల ఉక్కును గూర్చి అంతటి సభలో ఆయన నోట వచ్చిన మాట అదియే. ఆ తరువాత ఆరు వారములకు, ఏప్రిల్ 12వ తేదీన, వార్మ్ స్ప్రింగ్స్‌లోని తన చిన్న యింట మరణించెను. 63 ఏండ్లు. పోలియో నివారణకై 1938లో ఆయన స్థాపించిన సంస్థకు జనులు పది సెంట్ల నాణెములు పంపిరి. ఆ ధనముతో జరిగిన పరిశోధన ఫలించి సాల్క్ టీకా పనిచేయునని 1955 ఏప్రిల్ 12వ తేదీన, అనగా ఆయన పదవ వర్ధంతినాడు, ప్రకటింపబడెను.

ఒక్కనికై వేసిన ర్యాంపు అందరి హక్కు కావుటకు ఇంకను కాలము పట్టెను. ఇలినాయ్ విశ్వవిద్యాలయములో టిమొతి న్యూజెంట్ అను ఆచార్యుడు యుద్ధమున కాళ్లు పోగొట్టుకొన్న విద్యార్థులతో కలిసి ప్రయోగములు చేసెను. వాటి ఆధారముగా 1961లో అమెరికాలో భవనములకు మొదటి ప్రమాణములు వెలువడెను. ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు 12 అడుగుల పొడవు వాలు ఉండవలెనను లెక్క అందులోనిది. మన దేశపు నియమములలోను అదే లెక్క నేటికిని నడచుచున్నది. ఉపాధ్యాయులు పిల్లలచేత తమ పాఠశాల వాకిటి ఎత్తు కొలిపించి 12తో హెచ్చవేయించినచో, అచ్చటి ర్యాంపు నిజమైన ర్యాంపో, ఫొటో కొరకు పోసిన సిమెంటు గుట్టయో గణితమే తేల్చివేయును. 1968లో అమెరికా కేంద్రప్రభుత్వపు భవనములకును, 1990లో దుకాణములు, హోటళ్లు మొదలగు సమస్త ప్రజాస్థలములకును చట్టములు వచ్చెను. 1997లో వాషింగ్టన్‌లో రూజ్వెల్టు స్మారకము తెరచినప్పుడు పెద్ద అంగీ కప్పి కుర్చీని దాచిన విగ్రహము పెట్టిరి. బ్రెయిలీ చుక్కలను వ్రేలికొన పట్టజాలనంత పెద్దవిగా చెక్కిరి. వికలాంగులు ఆందోళన చేసి, ధనము పోగుచేసి, 2001లో చక్రాల కుర్చీలో కూర్చున్న రూజ్వెల్టు విగ్రహమును ఆ స్మారకపు ముంగిట నిలుపునట్లు చేసిరి. బ్రతికినంతకాలము దాచిన కుర్చీ ఆ విధముగా వాకిటికి వచ్చెను.

మన దేశమున 2011 జనాభా లెక్కల ప్రకారము వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. 1995 చట్టము ర్యాంపులను గూర్చి చెప్పెను గాని, ప్రభుత్వముల ఆర్థికశక్తికి లోబడి యను మాటయు చేర్చెను. ఆ మాట చాటున మెట్లు నిలిచియే యుండెను. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాల భవనములోనికి అడ్డంకులులేని ప్రవేశముండవలెనని నిర్దేశించెను. 2010లో క్రొత్త చట్టపు ముసాయిదా వ్రాయుటకు కేంద్రప్రభుత్వము నియమించిన సంఘమునకు న్యాయ సలహా నిచ్చినది శామీర్‌పేటలోని నల్సార్ కేంద్రమే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టములో 44వ సెక్షను నక్షా బల్ల మీదికే వచ్చి కూర్చున్నది. ప్రమాణములను పాటింపని నక్షాకు కట్టడపు అనుమతి ఇవ్వరాదు. పాటింపక కట్టినదానికి పూర్తియైనట్లు పత్రము ఇవ్వరాదు. ఇది ప్రభుత్వ భవనములకే గాక ప్రైవేటు సంస్థల భవనములకును వర్తించును. మేడ్చల్ త్రోవలో లేచు కళాశాలకును, కార్యాలయమునకును ఇదే సెక్షను.

అయితే ప్రమాణము లేవి? 2017లో చేసిన నియమములు కొన్ని మార్గదర్శకములను చూపి ఊరకుండెను. అందు ఏది విధిగా చేయవలసినది, ఏది మంచిదని చెప్పునది యను తేడా లేదు. చూపులేని ఒక వ్యక్తి 2005లో వేసిన వ్యాజ్యము మీద సుప్రీంకోర్టు 2017లో తీర్పుచెప్పి, అమలు నడచుచున్న తీరును తెలిసికొనుటకు 2023లో నల్సార్ నివేదికను కోరెను. నివేదికను చూచిన పిదప 2024 నవంబరు 8వ తేదీన, నియమములలోని 15వ నియమపు మొదటి భాగము మూలచట్టమునకు విరుద్ధమని న్యాయస్థానము కొట్టివేసెను. చట్టము ఆజ్ఞాపించగా నియమము సలహా చెప్పరాదని దాని తాత్పర్యము. తప్పనిసరిగా పాటింపవలసిన కొలతలను వేరుచేసి మూడు నెలలలో క్రొత్త నియమములు వ్రాయవలసినదిగా కేంద్రప్రభుత్వమునకు గడువిచ్చెను. ఆ పనిలో నల్సార్ కేంద్రమును కలుపుకొనవలెనని కూడ ఆదేశించెను.